మా క్లబ్బు ఫ్రీజర్ బాక్స్

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల కొట్టు. షట్టర్ ఎత్తగానే ఎడమవైపు చుట్టలు చుట్టి నిలబెట్టిన జంపఖానాలు, కుడివైపు గోడకు ఆనించి మా సేవా క్లబ్బు వారి ఫ్రీజర్ బాక్స్. ఎవరైనా పోతే దూరంలో ఉన్నవాళ్ళు వచ్చేదాకా శవం పాడవకుండా ఉంచే అద్దాల మూత పెట్టె అది. కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి కాస్త ఎడంగా నిలబడేవాళ్ళు. "బేరం చేసుకునే జాగల పీనుగుల పెట్టె ఏందయ్యా" అని మా ఇంటామె మొదట్లో పెద్ద గొడవే పెట్టుకుంది. ఆమె మాటలో తప్పులేదు. కానీ క్లబ్బులో మరెవరికీ జాగా దొరకలేదు. షోరూములున్నవాళ్ళకు, నర్సింగ్ హోములున్నవాళ్ళకు, ఫంక్షన్ హాళ్ళున్నవాళ్ళకు లేని జాగా, ఇరుకు కొట్టు పెట్టుకున్న నాకు ఉందట.

క్లబ్బు పేరు చెప్పను. అలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయి. చొక్కాకు పిన్ను పెట్టుకుని, గంట కొట్టి మీటింగు మొదలుపెట్టి, చివర జాతీయగీతం పాడి బిర్యానీ తింటాం. సేవ చేయలేదని అనను. కంటి ఆపరేషన్లు చేయించాం, బడులకు బెంచీలిచ్చాం, ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాం. అయితే మా సేవకు ఒక జబ్బుంది. ఫొటో తీసేవాడు రానిదే చెయ్యి కదలదు. దుప్పటి ఒకటైతే దాన్ని పట్టుకునే చేతులు బోలెడు. తీసుకునే ముసలమ్మ ఫ్రేములోంచి పక్కకు పోతే, "అవ్వా, జర ఇటు జరుగు, ఇటు చూడు" అని ఆమెను సర్దుతాం. నాకు ఒళ్ళు మండేది. మండుతూనే ఆ ఫొటోల్లో నేనూ ఉన్నాను, ఎక్కువగా వెనక వరుసలో.

ఆ ఫ్రీజర్ బాక్స్ ఒక్కటే మేం చేసిన పనుల్లో నిజంగా పనికొచ్చింది. మా వాడలో మగ్గాలు తగ్గాక పిల్లలు సూరత్, భీవండి, తిరుపూరు వలసపోయారు. ఇక్కడ తల్లో తండ్రో పోతే కబురు అందుకుని రైలెక్కి రావడానికి ఒక రాత్రి, ఒక పగలు పడుతుంది. పూర్వం మంచుగడ్డలు తెచ్చి, పైన రంపపు పొట్టు పోసి, గోనెసంచులు కప్పేవాళ్ళు. ఇల్లంతా నీళ్ళు కారేవి. ఎండాకాలం అదీ నిలిచేది కాదు. కడసారి చూపు దక్కకుండానే కొడుకులు, బిడ్డలు బూడిద దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళు. బాక్స్ వచ్చాక ఆ గోస తప్పింది. కిరాయి లేదు, సిఫారసు లేదు. ఎవరు ముందు అడిగితే వాళ్ళకు ఇచ్చేవాణ్ణి. వాళ్ళు శవాన్ని కాటికి లేపిన తరువాతే ఇంకొకరికి పోయేది. ఆ పద్ధతి నేను పెట్టిందే.

ఆ ఏడు మా క్లబ్బుకు సభ్యుల కరువు వచ్చింది. పాతవాళ్ళు కొందరు పోయారు, కొందరు మోకాళ్ళ నొప్పులని మానేశారు, కుర్రవాళ్ళు రమ్మంటే నవ్వి ఊరుకుంటున్నారు. మా క్లబ్బుల్లో కొన్ని జిల్లాల మీద ఉండే పెద్దను గవర్నర్ అంటాం. రాజ్ భవన్‌లో ఉండే గవర్నరుకు కూడా మేం అంత భయపడం. కొత్త సభ్యులు చేరకపోతే జూన్ నెలాఖరుకు మా క్లబ్బును రద్దు చేస్తామని ఆయన చెప్పేశాడట. మా ప్రెసిడెంటుకు ట్రాక్టర్ల షోరూం ఉంది. తన హయాంలో క్లబ్బు మూతపడిందనే పేరు వస్తుందని ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

ఆయన కన్ను హంటర్ రోడ్డులో ఉండే ఒక పత్తి మిల్లు వాళ్ళ కుటుంబం మీద ఉండేది. ఆ ఇంటి కొడుకు ఒక్కడు చేరితే చాలు, వెంట వ్యాపారస్థులైన దోస్తులంతా వస్తారు. చాలాసార్లు ఇంటికి వెళ్ళి అడిగితే ఆ కొడుకు "చూద్దాం లెండి" అనేవాడు. అప్పుడే మా ప్రెసిడెంటుకు ఒక ఆలోచన తట్టింది. కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే, మేమంతా తెల్ల చొక్కాలు వేసుకుని, పిన్నులు పెట్టుకుని, ఒక పెద్ద దండ తీసుకుని పోవాలి. మళ్ళీ దినాల నాడు ఒక మొక్క, మెంబర్‌షిప్ ఫారం పట్టుకుని పోవాలి. "కష్టంల తోడున్నోళ్ళను మనిషి మరువడన్నా" అని నాకు నచ్చజెప్పాడు. ఇది శవాల మీద పేలాలు ఏరుకునే పని అని మీటింగులోనే అన్నాను. అందరూ నవ్వారు. నా మాటలకు నవ్వడం వాళ్ళకు అలవాటు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మా కొట్టు మెట్ల మీద ఒకాయన వచ్చి కూలబడ్డాడు. మా నాయన కాలం నుంచి మాకు జంపఖానాలు నేసి ఇచ్చే మనిషి. నేను అన్న అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. భార్యను పెద్ద దవాఖానలో చేర్పించారని తెలుసు.

"తమ్మీ, మీ వొదినె పోయింది" అన్నాడు. "బిడ్డకు ఫోన్ చేసినం. తిరుపూరుల రైలెక్కుతాంది. రేపు పగటీలికి, మధ్యాన్నం కల్ల వస్తది. అందాకా ఆ బాక్స్ జర ఇయ్యరాదు."

ట్రాలీ ఆటో పిలిచి బాక్స్ ఎక్కించి నేనూ వెంట వెళ్ళాను. ఇంట్లో ముందు గది నిండా మగ్గమే. అందుకని వాకిట్లో రేకుల కింద బాక్స్ పెట్టి, కిటికీలోంచి వైరు లాగాం. దవాఖాన నుంచి తెచ్చిన ఆమెను అందులో పడుకోబెట్టాక ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. వాళ్ళకు ఒక్కతే బిడ్డ. తిరుపూరులో బనియన్ల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. మొగుడికి సెలవు దొరక్క పిల్లల్ని అతని దగ్గర వదిలి, ఒక్కతే జనరల్ బోగీలో వస్తోంది. ఫోను మోగితే అన్న స్పీకరు పెట్టాడు.

"బాపూ, నేనచ్చేదాక లేపకుండ్రి. అవ్వ ముఖం చూడాలె" అని ఆ పిల్ల ఏడుస్తోంది.

"లేపం బిడ్డా. నువ్వు ఫికర్ చేయకు. పైలంగ రా" అన్నాడు. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "బిడ్డకు ముఖం చూపిస్తె చాలు తమ్మీ. ఇగ నాకేం అద్దు" అన్నాడు.

"బిడ్డ వచ్చేదాకా బాక్స్ ఏడికీ పోదన్నా" అని చెప్పి వచ్చాను.

మర్నాడు ఏటూరునాగారం అవతల ఒక గూడెంలో దోమతెరలు పంచే కార్యక్రమం ఉంది. వానలు పడితే అక్కడ జ్వరాలు మొదలవుతాయి. తెరలు నా కొట్టులోనే కట్టలు కట్టి ఉన్నాయి కాబట్టి తెల్లవారకముందే జీపులో నేను బయలుదేరక తప్పలేదు. ప్రెసిడెంటు వెనకాల వస్తానన్నాడు గాని రాలేదు. ఫొటోకు ఆయన లేనందుకు నాకు హాయిగా అనిపించింది. తెరలు ఎలా కట్టుకోవాలో చూపించి, వాళ్ళు పెట్టిన అంబలి తాగి తిరిగి బయలుదేరాం. ఆ అడవిలో ఫోను పలకదు. ములుగు దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోను ఒకటే మోగడం మొదలుపెట్టింది. అన్నీ ఆ అన్న చేసిన కాల్సే.

"తమ్మీ, లేపినం" అన్నాడు ఎత్తగానే.

"బిడ్డ వచ్చిందా?"

"రాలే. రైలు లేటని చెప్పింది."

నాకు కోపం ఆగలేదు. "మరి ఎందుకు లేపినవన్నా? నేను చెప్పిపోతిని గదా!" అని అరిచాను. జీపు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

ఆయన మెల్లగా చెప్పాడు. "మీ ప్రెసిడెంటు సారే సొంతంగ వచ్చిండు. హంటర్ రోడ్ల ఎవరో పెద్దమనిషి పోయిండట. ఆయన శవం వాకిట్ల ఎండల ఉన్నదట, బాక్స్ లేక ఇంటోళ్ళు మస్తు గోస పడుతాండ్రట. మీరు నిన్నటి సంది ఉంచుకున్నరు, జర వాళ్ళను గూడ చూడుండ్రి అని దండం పెట్టిండు. ఫ్రీగ ఇచ్చిన బాక్స్ తమ్మీ, మనమేమంటం? మనలెక్కనే వాళ్ళదీ చావే గదా. ఇయ్యకపోతె పాపం తగులదా? తీసుకపొండ్రి అని నేనే అన్న. బయటికి తీసినంక ఈ ఎండకు ఎంతసేపుంచుతం? కులపెద్దలు లేపుమన్నరు. కట్టెల కాడ అగ్గి గూడ పెట్టినం. నువ్వు జర స్టేషన్‌కు పొయి బిడ్డను తోల్కరారాదు. నాకు దాని ముందటికి పోను ముఖం చెల్లుతలేదు."

అప్పుడు నాకు ప్రెసిడెంటు మీద ఎంత కోపం వచ్చిందో, ఆ అన్న మంచితనం మీద కూడా అంతే కోపం వచ్చింది. ఉచితంగా ఇచ్చినవాడి ముందు ఉన్నవాడైతే గొంతు పెంచి అడుగుతాడు. లేనివాడు మాత్రం తన హక్కును కూడా దయగా తీసుకుని, ఇమ్మనగానే తిరిగి ఇచ్చేస్తాడు. మా సేవ ఆయనకు ఆ నోరు కూడా లేకుండా చేసింది.

వరంగల్ స్టేషన్‌కు చేరి జీపును పంపించేశాను, రైలు ఇంకా రాలేదు. వచ్చాక జనరల్ బోగీలోంచి ఒక చేతిసంచితో ఆ పిల్ల దిగింది. చెమటకు జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఉంది. నన్ను చూసి గబగబా వచ్చింది.

"లేపలే గదా కాకా?"

నేను ఆమె చేతిలోని సంచి అందుకోబోయాను. అదే ఆమెకు జవాబైంది. ప్లాట్‌ఫారం మీదే సంచి పక్కన కూర్చుండిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నెక్కొండ కాడ రైలు ఆపిండు కాకా. ఎంతకూ కదల్లే. దిగి పట్టాలెంబడి ఉరుకుదామనిపించింది" అంది. నుదుటి చెమట తుడుచుకుని, "అగ్గి పెట్టిండ్రా?" అని అడిగింది.

"పెట్టిండ్రమ్మా. కట్టెల కాడికి పోదాం పా. బాపు ఆడనే ఉన్నడు."

"మంట చూసుటానికి గింత దూరం రాలే కాకా. ముఖం చూద్దామని వచ్చిన." ఆమె తల ఎత్తింది. "ఎందుకు లేపిండ్రు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా క్లబ్బు వాళ్ళు వచ్చారని, బాక్స్ ఇంకొకరికి కావాలన్నారని, మీ బాపు ఇచ్చేశాడని. ఆమె అంతా విని, "ఆ బాక్స్ ఏడున్నది?" అంది. "మా అవ్వ రాత్రంత అండ్లనే పన్నది గదా. నన్ను ఆడికి తోల్కపో."

వద్దని చెప్పి ఉండవచ్చు. చావింటికి ఇలా పోకూడదని చెప్పి ఉండవచ్చు. కానీ మా ప్రెసిడెంటు ఈమె ముఖం చూడాలని నాకు గట్టిగా అనిపించింది. హంటర్ రోడ్డు అన్నప్పుడే అది ఏ ఇల్లో నాకు తెలిసిపోయింది. ఆటో మాట్లాడాను.

హంటర్ రోడ్డులోని ఆ పత్తి మిల్లు వాళ్ళ ఇంటి ముందు షామియానా, వరసగా కుర్చీలు, నిలువెత్తు కూలర్లు, గేటు బయట కార్లు ఉన్నాయి. పోర్టికోలో చలువరాతి మీద మా బాక్స్ ఉంది. దాని వెనక మా క్లబ్బు పేరుతో ఫ్లెక్సీ కట్టేశారు. చనిపోయిన పెద్దాయన ఫొటో మధ్యలో ఉంటే, చుట్టూ మా ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ఫొటోలు. తెల్ల చొక్కాల్లో మావాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. బాక్స్ తలాపున కుర్చీలో ఆ పెద్దాయన భార్య కూర్చుని ఉంది. పక్కన కొడుకు నిలబడ్డాడు.

ఆ పిల్ల ఎవరినీ చూడలేదు. నేరుగా వెళ్ళి బాక్స్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ అద్దం మీద పెట్టింది, చెంప ఆనించింది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు. గొంతు పెగలని ఏడుపు, వీపు మాత్రం ఎగసెగసి పడుతోంది. జనం జరిగి దారిచ్చారు. "మిల్లుల పనిచేసినామె గావచ్చు, పాపం" అని ఎవరో అన్నారు. మా ప్రెసిడెంటు ఫోను తీసి ఫొటోకు పైకెత్తాడు. నేను ఆ చెయ్యి పట్టి కిందికి లాగాను.

"ఏందన్నా, ఇక్కడొద్దు" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఆమె ఎవరో తెలుసా? నువ్వు పొద్దున బాక్స్ గుంజుకచ్చిన ఇంటి బిడ్డ" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టేశాడు. అయినా, "ఇయ్యాల ఎట్లనన్న లేపుడే గదన్నా, కొద్దిసేపు ముందు లేపిండ్రు" అన్నాడు. ఆ మనిషి చెంప మీద కొట్టకుండా ఎలా ఊరుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతలో ఆ పెద్దామె కుర్చీలోంచి వంగి పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. "ఎవ్వరు బిడ్డా నువ్వు?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "మా అవ్వను పొద్దుగాల్దాక ఈ పెట్టెలనే పండవెట్టిండ్రట అమ్మా. నేను రైల్ల ఉన్న. అందలే. ఒక్కపారి ఈ బాక్స్ ముట్టుకొని పోదామని వచ్చిన. ఏమనుకోకుండ్రి."

"మీ అవ్వకు పెట్టిన బాక్సా ఇది? మరి నువ్వు రాకముందుకే ఎందుకు తీసిండ్రు?"

"మీకు అక్కరున్నదట గదమ్మా. మీ పెద్దమనిషిని వాకిట్ల ఎండల ఉంచిండ్రని చెప్తే, పాపమని మా బాపు ఇచ్చిండు."

ఆ పెద్దామె కొంగుతో పిల్ల ముఖం తుడిచింది. తరువాత మెల్లగా అంది. "ఎండల ఎందుకుంటడు బిడ్డా? లోపట ఏసీ రూంల ఉన్నడు. బాక్స్ కావాలని మేమెవ్వలం అడుగలే. మాకు ఎవ్వల కోసం ఆగే పని లేదు, మా పిల్లలందరు ఈడనే ఉంటరు. పగటీలి లోపట్నే లేపుతుంటిమి. ఈ క్లబ్బోళ్ళే బాక్స్ తెచ్చి పెట్టి, ఎవరో గవర్నర్ దండ వేస్తందుకు వస్తాండు, సాయంత్రందాక ఆగుండ్రి అన్నరు."

అడగలేదన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది. వాళ్ళు అడిగారని, ప్రెసిడెంటు పెద్దింటి మాట కాదనలేకపోయాడని అనుకున్నాను అప్పటిదాకా. కొడుకు మా ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు ఫ్లెక్సీ వైపు చూశాడు. పెద్దామె పిల్ల చెయ్యి పట్టుకుని, తన భర్త కోసమో ఆ పిల్ల తల్లి కోసమో, బోరున ఏడ్చింది. పిల్ల ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచి, "పోదాం పా కాకా" అంది.

మళ్ళీ ఆటో ఎక్కి బయలుదేరాం. వాళ్ళ వాడ దగ్గర పడుతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"కాకా, వాళ్ళు అడుగలేదన్న ముచ్చట మా బాపుకు చెప్పకు. ఆయన ఎవరికో ఆసరైనని అనుకుంటాండు. అదిగూడ లేదంటే బతుకడు."

చెప్పనని మాటిచ్చాను. ఆమె దినాలు అయ్యేదాకా ఉండి తిరుపూరు వెళ్ళిపోయింది. నేను పిన్ను తీసి ప్రెసిడెంటు టేబుల్ మీద పెట్టి వచ్చాను. బాక్స్‌ను వాళ్ళు షోరూముకు మార్చుకున్నారు, అక్కడ దానికి జాగా దొరికింది. ఆ మిల్లు వాళ్ళ కొడుకు చేరడనుకున్నాను. జూన్ నెలాఖరులో దోస్తులతో సహా చేరాడు. క్లబ్బు బతికింది. ప్రమాణ స్వీకారం ఫొటోలు పేపర్లో వచ్చాయి.

వానలు మొదలయ్యాక ఆ అన్న మళ్ళీ మగ్గం ఎక్కాడు. ఒకరోజు నేసిన జంపఖానాలు భుజాన వేసుకుని కొట్టుకు వచ్చి, అవి దించి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. బాక్స్ ఉండే గోడ వైపు ఒకసారి చూశాడు.

"తమ్మీ, ఆనాడు ఆ హంటర్ రోడ్డోళ్ళకు బాక్స్ అక్కరకచ్చిందా?"

"అచ్చిందన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "గంతే చాలు. మీ వొదినె ఉన్నా గూడ ఇయ్యమనే అంటుండె" అన్నాడు.